నా చెవులే కొలబద్ద

ముందే చెప్తున్నా, నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఆవిడా, మా అమ్మాయీ, ఆసుపత్రిలో చీటీలు రాసే ఆవిడా ముగ్గురూ ముక్తకంఠంతో చెప్తారు కాబట్టి నేను కాదనడానికి లేదు. కానీ కోపం ఉన్నవాడు అబద్ధాలకోరు కాదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క దొంగ కాగితం మీద సంతకం పెట్టలేదు నేను. ఈ మాట ఇప్పటికీ నిజమే. అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

నా పని జనం చెవులు పరీక్ష చెయ్యడం. చెవి డాక్టరుగారి గది పక్కనే నా గది. దాని లోపల ఇంకో బుల్లి గది ఉంటుంది, బీరువా కంటే కాస్త పెద్దది, గోడల నిండా స్పంజి. బయటి చప్పుడు లోపలికి రాదు. వచ్చినవాళ్లని అందులో కూచోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, తలుపేసి, నేను గాజు కిటికీకి ఇవతల యంత్రం ముందు కూచుంటాను. ఒక్కో మీట నొక్కితే ఒక్కో శబ్దం లోపలికి వెళ్తుంది. ముందు బొంగురువి, తర్వాత సన్నవి, ఆఖర్న దోమ చెవి దగ్గర పాడినట్టుండేవి. వినపడితే చెయ్యెత్తాలి. ఎంత మెల్లటి శబ్దానికి చెయ్యెత్తారో చూసి, కాగితం మీద చుక్కలు పెట్టి, గీత కలుపుతాను. గీత పైన ఉంటే చెవులు భేషుగ్గా ఉన్నట్టు. కిందికి జారితే డాక్టరుగారు చూసుకుంటారు.

ఇన్నేళ్లలో నాకు తెలిసొచ్చింది ఒకటే. చెవులు పోయినవాడు చెవులు పోయాయని చచ్చినా ఒప్పుకోడు. ఒక దర్జీ వచ్చాడు, "నా చెవులకేం కాలేదండీ, మా ఆవిడే గొణుగుతుంది" అన్నాడు. ఇంకో పెద్దమనిషి, బడిపంతులుగా చేసి దిగిపోయినాయన, "ఈ కాలం పిల్లలకి నోరు తెరిచి మాట్లాడటం రాదు" అని నామీద కేకలేశాడు. ఒకావిడైతే రెండు టీవీలు మార్చిందట, రెంటికీ గొంతు లేదని. సాయంత్రం ఇంటికెళ్లాక వీళ్లందర్నీ నేను అనుకరించి చూపిస్తుంటే మా ఆవిడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఈ మధ్య నవ్వడం మానేసింది. వయసు మీద పడుతోంది కదా అనుకున్నాను.

మా గురువుగారు నాకు ఒక అలవాటు నేర్పారు. పొద్దున్నే మొదటి మనిషి రాకముందే ఆ హెడ్‌ఫోన్లు ముందు నేను పెట్టుకోవాలి. అన్ని శబ్దాలూ, అన్నిటికంటే మెల్లగా పెట్టుకుని వినాలి. "నీకు వినపడితే యంత్రం బాగున్నట్టు. వినపడకపోతే యంత్రం చెడినట్టు" అనేవారు. ఒక్క రోజు తప్పలేదు నేను. నా చెవులంటే మా ఆసుపత్రిలో ఒక పేరు. "మీటర్లెందుకు, ఆయన చెవులున్నాయిగా" అనేవారు డాక్టరుగారు. ఆ మాటకి నా ఛాతీ ఎంత ఉబ్బేదో చెప్పలేను.

నాలుగేళ్ల కిందట ఒక పొద్దున ఆ దోమ శబ్దం రాలేదు. మీట గట్టిగా నొక్కాను. రాలేదు. తీగలు మార్చాను. రాలేదు. యంత్రం పాతది, సన్న శబ్దాల దగ్గర నీరసించింది అనుకున్నాను. వెనక చిన్న చిన్న స్క్రూలుంటాయి, ఒక్కో శబ్దానికి ఒకటి. స్క్రూడ్రైవరు పెట్టి వెంట్రుకవాసి తిప్పాను. వచ్చింది! తేదీ వేసి పుస్తకంలో రాసుకున్నాను. ఆర్నెల్లకి మళ్లీ తగ్గింది, మళ్లీ తిప్పాను. అలా ఎన్నిసార్లో. ప్రతిసారీ తేదీ వేసి రాశాను, నా పద్ధతి నాది. ఏటా యంత్రాన్ని కొలిచే మీటరు మనిషి వస్తానంటే నేనే వద్దన్నాను. "నేనుండగా వాడెందుకండీ" అన్నాను డాక్టరుగారితో. ఆయన నవ్వి సరే అన్నారు.

ఆ నాలుగేళ్లలో ఒక మంచి జరిగిందనుకున్నాను. వచ్చినవాళ్లలో చాలామందికి గీత పైనే ఉండేది. రేకులు కొట్టే కార్ఖానాలో పనిచేసే ఒకాయన ఏటా వస్తాడు. "సరిగ్గా వినపడటం లేదు సారూ" అంటాడు. గీత చూస్తే నిక్షేపంగా ఉండేది. పని ఎగ్గొట్టే వేషాలనుకుని మొహం మీదే కడిగేశాను. "జనం చెవులు బాగుపడ్డాయండీ ఈ మధ్య" అని డాక్టరుగారికి గొప్పగా చెప్పాను కూడా. ఛీ.

ఇంట్లో సంగతులు వేరు. మా ఆవిడ పన్ను పీకించుకున్నప్పట్నుంచీ మాట నములుతోందని నాకు కోపం. జ్వరం చూసే కడ్డీ ఉంటుందే, వేడి చూసి కీచుమంటుందే, అది కుయ్యడం లేదని ఒకటి చెత్తబుట్టలో పారేశాను. కొత్తది తెస్తే అదీ కుయ్యలేదు, అదీ పారేశాను. కొట్టువాడిని నానా మాటలూ అన్నాను. మా వీధిలో పిట్టలు పూర్తిగా పోయాయని, టవర్లు కట్టి చంపేశారని, కనపడ్డవాళ్లందరికీ ఉపన్యాసం ఇచ్చాను. ఇంటి ముందు చెట్టు మీద అవి కూచుని ఉండగానే ఇచ్చాను.

ఒకసారి మా ఆవిడ ధైర్యం చేసి, "ఏవండీ, ఒక్కసారి మీ చెవులు కూడా..." అంది. ఒంటికాలి మీద లేచాను. మర్నాడే ఆ బుల్లి గదిలో నన్ను నేను పరీక్ష చేసుకున్నాను. గీత పైన తిన్నగా, పాతికేళ్ల కుర్రాడి చెవుల్లా వచ్చింది! రాక చస్తుందా? ఆ కాగితానికి పటం కట్టించి హాల్లో తగిలించాను. వచ్చినవాళ్లకి చూపించేవాణ్ని. మా ఆవిడ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు బొంగరం సంగతి. మా మనవరాలు, ఐదేళ్లది. అమ్మాయీ అల్లుడూ మా పై వాటాలోనే ఉంటారు. ఇద్దరూ ఉద్యోగాలకి పోతారు, బడి నుంచి వచ్చాక పిల్ల మా దగ్గరే. ఎవరు మాట్లాడినా గిరుక్కున ఇటు తిరిగి అటు తిరిగి అందరి మొహాలూ చూస్తుంది, అందుకే బొంగరమని పేరు పెట్టాను. నిలకడ లేదు దానికి, ముమ్మాటికీ నా పోలికే అని మురిసిపోయేవాణ్ని.

మాటలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చినవీ ముద్ద ముద్దగా ఉండేవి. "సబ్బు అనలేక 'అబ్బు' అంటోంది నాన్నా" అని మా అమ్మాయి బెంగపెట్టుకుంటే, "నాకు సబ్బు అనే వినపడుతోంది, నీ అనుమానం పాడుగాను" అన్నాను. నిజంగానే నాకు అలాగే వినపడింది. దానికి మూడున్నరేళ్లప్పుడు అమ్మాయి గట్టిగా పట్టుబడితే ఆసుపత్రికి తీసుకెళ్లి నేనే పరీక్ష చేశాను. చిన్నపిల్లలు చెయ్యెత్తమంటే ఎత్తరు, అందుకని చెక్కముక్కలిస్తాం. శబ్దం వినపడినప్పుడల్లా ఒక ముక్క బుట్టలో వెయ్యాలి. అది బుద్ధిగా వేసింది. గీత ముత్యాల సరంలా వచ్చింది. "మన వంశంలో అందరికీ మాటలు ఆలస్యమే, నోర్మూసుకో" అని అమ్మాయి నోరు మూయించాను. కిందటేడు మళ్లీ అడిగింది. మళ్లీ చేశాను. మళ్లీ ముత్యాల సరమే.

ఇక అది వినకపోతే ఏమనుకోవాలి? మొండిఘటం అనుకున్నాను. పిలిస్తే ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. పెద్దల మాట చెవిన వేసుకోదు. పైగా దానికి ఒక అధికారం. నాతో ఏదైనా చెప్పాలంటే వచ్చి నా గడ్డం పట్టుకుని, మొహం తనవైపు తిప్పుకుని, అప్పుడు చెప్తుంది. వాళ్ల అమ్మతోనూ అమ్మమ్మతోనూ అలా చెయ్యదు. నామీదే ఈ పెత్తనం. అయినా నాకు అదంటే ప్రాణం. దానికి నా మీసమంటే ప్రాణం. నా మీసం మామూలుది కాదు, పై పెదవిని మొత్తం కప్పేసి కింది పెదవిని పలకరించే గుబురు మీసం. ఒళ్లో కూచుని రెండు వేళ్లతో ఆ మీసం పైకెత్తి పట్టుకుని మరీ నా మాటలు వింటుంది. ఆ ముద్దుకి నేను కరిగి నీరైపోయేవాణ్ని.

రెండు నెలల కిందట ఒక మధ్యాహ్నం మా ఆవిడ ఇస్త్రీ చేస్తూ లేచి వెళ్లింది. పెట్టె వేడిగా ఉంది. బొంగరం నాకు వీపు పెట్టి కూచుని దాని తీగ లాగుతోంది. "ముట్టుకోకు" అన్నాను. లాగింది. "ఒసేయ్, ముట్టుకోవద్దన్నానా" అన్నాను. మళ్లీ లాగింది. ఒక్క ఉదుటున లేచి వెళ్లి చెంప ఛెళ్లుమనిపించాను. ఎప్పుడూ చెయ్యి చేసుకోని మనిషిని. అది ఏడవలేదు. నిర్ఘాంతపోయి, నా మొహం కేసి, నా మూతి కేసి చూస్తూ ఉండిపోయింది. నేనేం అంటున్నానో వెతుక్కుంటున్నట్టు చూసింది. పొగరు అనుకున్నాను.

తర్వాత బడి నుంచి కాగితం వచ్చింది. పాపకి పాఠం ఎక్కడం లేదు, పిలిస్తే పలకదు, చెప్పింది ఒకటైతే చేసేది ఒకటి. చదువులో వెనకబడ్డ పిల్లలకి వేరే గది ఉంది, వచ్చే వారం నుంచి అందులో వేస్తాం, శుక్రవారం వచ్చి సంతకం పెట్టండి. అంతకుముందు వినికిడి పరీక్ష కాగితం ఒకటి తీసుకురండి, లోపం ఏదైనా ఉంటే ఆలోచిస్తాం అని రాశారు.

అమ్మాయి ఆ కాగితం పట్టుకుని వచ్చి గుమ్మంలోనే కూలబడింది. ఆ గది నడవా చివర ఉంటుందట. అందులో వేసిన పిల్లలు మళ్లీ మామూలు తరగతికి రావడం ఎవరూ చూడలేదట. "నాన్నా, ఒక్కసారి వేరే చోట చూపిద్దాం" అంది. వేరే చోట! ముప్పై ఒక్క ఏళ్లుగా నేనుండగా, నా మనవరాలికి, వేరే చోట! అగ్గి మీద గుగ్గిలమయ్యాను. బుధవారం నేనే తీసుకెళ్లి, మూడోసారి నేనే పరీక్ష చేసి, లోపమేమీ లేదని నా చేత్తో రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. "చెవులు భేషుగ్గా ఉన్నాయి. ఇక దాని బుర్ర సంగతి వాళ్లు చూసుకుంటారు" అన్నాను. అవును, ఆ మాటే అన్నాను. అమ్మాయి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

గురువారం పొద్దున మీటరు మనిషి దిగాడు. ఆసుపత్రి అనుమతి కాగితం తిరగరాయించుకోవాలంటే యంత్రాన్ని కొలిపించి తీరాలట, డాక్టరుగారు నాకు చెప్పకుండానే పిలిపించారు. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. హెడ్‌ఫోన్ల మధ్య తన మీటరు బిగించి, ఒక్కో మీటా నొక్కి అంకెలు రాసుకుంటున్నాడు. బొంగురు శబ్దాల దగ్గర తల ఊపాడు. సన్న శబ్దాల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. మళ్లీ నొక్కాడు. మీటరు విప్పి, ఇంకో మీటరు పెట్టాడు. అప్పుడు వెనక్కి తిరిగి, "ఈ స్క్రూలు ఎవరు తిప్పారండీ?" అన్నాడు.

"నేనే. యంత్రం నీరసించింది. సరిచేశాను" అన్నాను.

"యంత్రం నీరసించలేదండీ. శుభ్రంగా ఉంది. ఈ సన్న శబ్దాలన్నీ ముప్పై అంకెలు ఎక్కువ వస్తున్నాయి. ఇక్కడ ఇరవై అని పెడితే చెవిలోకి యాభై వెళ్తోంది."

నాకు నెత్తిన ఎవరో మొట్టినట్టయింది. అయినా నోరు ఊరుకుంటుందా? "నీ మీటరు చెడిపోయింది" అన్నాను. రెండు మీటర్లూ ఒకే అంకె చూపిస్తున్నాయన్నాడు. "అయితే రెండూ చెడిపోయాయి. నీకు పని రాదు. నువ్వు నిక్కర్లేసుకునే రోజుల నుంచీ..." అంటూ గొంతు పెంచాను. నా అరుపులకి డాక్టరుగారు వచ్చారు, వెనకే చీటీలావిడ వచ్చింది. మీటరు మనిషి నామీద కోప్పడలేదు. దానికే నాకు ఇంకా మండింది.

అతను హెడ్‌ఫోన్లు పక్కన పెట్టి, తన సంచిలోంచి సన్న శబ్దం చేసే చిన్న స్పీకరు ఒకటి తీసి, "అందరం ఒకసారి విందాం. వినపడితే చెయ్యెత్తండి" అన్నాడు. మీట నొక్కాడు. నేను చెవులు రిక్కించాను. ఏమీ లేదు. పంకా తిరుగుతున్న చప్పుడు, అంతే. ఇంకా నొక్కలేదనుకుని, "ఊఁ, కానీ" అన్నాను.

తలెత్తి చూద్దును కదా, ముగ్గురి చేతులూ పైకి లేచి ఉన్నాయి. డాక్టరుగారు చెయ్యెత్తి ఉన్నారు. మీటరు మనిషి చెయ్యెత్తి ఉన్నాడు. చీటీలావిడ ఒక చెయ్యెత్తి, రెండో చేత్తో చెవి మూసుకుని ఉంది, గోలగా ఉందన్నట్టు. ముగ్గురూ నాకేసే చూస్తున్నారు.

ఆ గదిలో ఏదో మోగుతోంది. గోడలు మోగుతున్నాయి, బల్ల మోగుతోంది, నా చుట్టూ అందరూ దానిలో నిలబడి ఉన్నారు. నేను ఒక్కణ్నే బయట ఉన్నాను. గడియారం సరిగ్గానే నడుస్తుంటే, వెనకబడిందని ముల్లు ముందుకి తిప్పి, నాలుగేళ్లు ఊరందరికీ అదే టైము చెప్పినవాణ్ని నేనన్నమాట.

నిజం చెప్పుకోవాలి. నాకు ముందు గుర్తొచ్చింది బొంగరం కాదు, నా పరువు. ఈ మాట బయటికి పొక్కకుండా ఎలా అని ఆలోచించాను. స్పీకర్ని తప్పుపడదామా, గదిలో గాలిని తప్పుపడదామా అని వెతికాను. చీటీలావిడ ఏదో అంది. నాకు అందలేదు. ఎప్పట్లాగే "గొణగకమ్మా" అనబోయి ఆగిపోయాను. ఆవిడ జేబులోంచి చీటీల కట్ట తీసి, ఒకదాని మీద రాసి, నా ముందుకి తోసింది.

"మరి నిన్నటి పాప పరీక్ష?"

ఆ నాలుగు మాటలు ఎంతసేపు చదివానో తెలియదు. మూడు గీతలు. మూడు ముత్యాల సరాలు. ఇరవై అనుకుని యాభై వినిపించాను. నాకే వినపడేంత గట్టిగా వినిపించి, నా మనవరాలికి వినపడుతోందని రాసిచ్చాను. బల్ల పట్టుకున్నాను. "అయ్యో, అయ్యో" అని నా నోట్లోంచే వస్తోందని కాసేపటికి గానీ తెలియలేదు.

అమ్మాయికి ఫోను చేశాను. పిల్లని బడి నుంచి తీసుకుని వెంటనే రమ్మన్నాను. ఎందుకు అనడిగింది. "రా అమ్మా" అన్నాను. నేను దాన్ని బతిమాలినట్టు మాట్లాడటం అదే మొదటిసారి కాబోలు, ఇంకేమీ అడగలేదు.

వాళ్లొచ్చేలోపు మీటరు మనిషి స్క్రూలన్నీ వెనక్కి తిప్పాడు. నేను నాలుగేళ్లుగా తిప్పింది వెనక్కి రావడానికి పావుగంట పట్టింది. పరీక్ష నేను చెయ్యలేను కదా, డాక్టరుగారే కూచున్నారు. నేనూ అమ్మాయీ గాజు కిటికీ పక్కన నిలబడ్డాం. బొంగరం లోపల కూచుని చెక్కముక్క చేతిలో పట్టుకుని నన్ను చూసి నవ్వింది. ఈ ఆట దానికి అలవాటే.

బొంగురు శబ్దం వెళ్లింది. టక్కున ముక్క వేసింది. ఇంకోటి, వేసింది. ఇంకోటి, వేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. చూశారా, ఏం కాలేదు, నేను అనవసరంగా హడలిపోయాను అనుకున్నాను! అంత జరిగాక కూడా, ఆ క్షణంలో కూడా, నా బుద్ధి అలాగే పరిగెత్తింది.

సన్న శబ్దాలు మొదలయ్యాయి. డాక్టరుగారి వేలు మీట మీద ఉంది. బొంగరం ముక్కని చెంపకి ఆనించుకుని కూచుంది. వెయ్యలేదు. డాక్టరుగారు శబ్దం పెంచారు. వెయ్యలేదు. ఇంకా పెంచారు. అది గాజులోంచి నాకేసి చూసి, కనుబొమ్మలెత్తి, 'ఇంకా మొదలెట్టలేదా తాతా?' అన్నట్టు తలాడించింది. నేను నొక్కుతూ ఉండే మీట అది. నాకు మొహం చాటేయాలనిపించింది, కానీ కళ్లు తిప్పుకోలేకపోయాను. యాభై దగ్గరికి వచ్చాక, అప్పుడు, ముక్క బుట్టలో పడింది.

ఆ గీత పైన మొదలై, మధ్యలోకి వచ్చేసరికి మెట్ల మీంచి జారిపడినట్టు కిందికి పడిపోయింది. డాక్టరుగారు కాగితం అమ్మాయి చేతికిచ్చి మెల్లగా చెప్పారు. ఇది పుట్టుకతోనే ఉండి ఉండొచ్చు. మాటలో బొంగురు భాగం వినపడుతుంది, సన్న భాగం పడదు. అంటే సగం మాటే అందుతుంది, మిగతా సగం మొహాలు చూసి పూరించుకుంటోంది. చెవికి మిషను పెడితే బాగానే వినగలదు. మూడున్నరేళ్లప్పుడే పెట్టి ఉంటే బాగుండేది. "ఈ వయసులో ఏడాదిన్నర అంటే చిన్న సంగతి కాదు" అన్నారు. ఆ మాట నాకేసి చూసి అనలేదు. అయినా నాకు స్పష్టంగా వినపడింది.

అమ్మాయి నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "నాన్నా, నేను మూడుసార్లు చెప్పాను" అంది, అంతే. సంచిలోంచి బుధవారం నేను రాసిచ్చిన కాగితం తీసి, నాలుగు ముక్కలు చేసి, నా బల్ల మీద పెట్టింది. బడికి కొత్త కాగితం డాక్టరుగారే రాశారు. సంతకం కింద నా పేరు ఉండే గళ్లో అడ్డంగా గీత కొట్టారు. నాలుగేళ్ల పుస్తకాలన్నీ తీయించి, వచ్చినవాళ్లందర్నీ ఒక్కొక్కరినే మళ్లీ పిలవమని చీటీలావిడకి చెప్పారు. ఆవిడ మొదట ఎవరికి ఫోను చేయాలని నన్నడిగింది. రేకుల కార్ఖానా ఆయనకి అన్నాను.

అప్పుడు బొంగరం వచ్చి నా ఒళ్లోకి ఎక్కింది. నేను ఏడుస్తూ దానితో ఏదో అంటున్నాను. అది అలవాటుగా రెండు వేళ్లతో నా మీసం పైకెత్తింది. "చూశారా డాక్టరుగారూ, దీనికి నా మీసమంటే ఎంత ముద్దో" అన్నాను, ఎలాగైనా ఏదో ఒకటి నాకు మిగలాలని.

డాక్టరుగారు పిల్ల వేళ్లకేసి చూశారు. "అది ముద్దు కాదయ్యా" అన్నారు. "నీ మీసం అడ్డొస్తోంది. పెదాలు చూస్తోంది పిల్ల."

అది మీసం కింద రెండు వేళ్లూ అలాగే పెట్టుకుని నా మూతి కేసి చూస్తోంది. ఇస్త్రీ పెట్టె దగ్గర చూసిన చూపు ఇదే.

ఇంటికొచ్చాక మా ఆవిడకి అంతా చెప్పాను. ఆవిడ లోపలికెళ్లి సొరుగులోంచి రెండు జ్వరం కడ్డీలు తెచ్చి నా ముందు పెట్టింది. నేను చెత్తబుట్టలో పారేసినవే. "రెండూ కూస్తాయండీ" అంది, నా ఎదురుగా నిలబడి, గట్టిగా.

"మరి చెప్పవేం?"

"చెప్పాను. మీరు పటం కట్టించి తగిలించారు."

హాల్లోకి వెళ్లి ఆ పటం దించాను. గోడ మీద దాని చోటు మాత్రం తెల్లగా మిగిలింది. అక్కణ్నుంచి తిన్నగా కుళాయి దగ్గరికెళ్లి, అద్దం ముందు నిలబడి, కత్తెర తీసుకుని ముందు కుచ్చులు కత్తిరించి, ఆపైన బ్లేడు పెట్టి మీసం మొత్తం గీసేశాను. ముప్పై ఏళ్ల మీసం. రెండు చోట్ల తెగింది. అద్దంలో ఎవడో పరాయివాడు, పై పెదవి పాలిపోయి, బోసిగా, నన్ను గుడ్లప్పగించి చూస్తున్నాడు.

ఎప్పుడొచ్చిందో బొంగరం వెనక నిలబడి ఉంది. పీట జరుపుకుని ఎక్కి, ఎప్పట్లాగే నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"ఎందుకే, ఎప్పుడూ నా గడ్డం పట్టుకుని తిప్పుతావు?" అన్నాను, ఒక్కో మాటా నిదానంగా.

"నీకు వినపడదు కదా" అంది. అదేదో అందరికీ తెలిసిన సంగతే అయినట్టు, నేను అడగడమే వింత అయినట్టు.

ముప్పై ఒక్క ఏళ్లు చెవులు చూసినవాణ్ని, పటం కట్టించుకున్నవాణ్ని. ఇంట్లో ఐదేళ్ల పిల్ల నా చెవులు పరీక్ష చేసి, లోపం కనిపెట్టి, దానికి తగ్గట్టు నడుచుకుంటోంది. అదీ తనకి వినపడకుండానే.

"మీసం ఏదీ?" అంది, బోసి పెదవి మీద వేలు పెట్టి.

"తీసేశాను."

"ఎందుకు?"

"నా మాటలు నీకు కనపడాలని."

అది తెగిన చోట రక్తపు చుక్కని వేలితో తుడిచింది.

"మరి ముందే తియ్యొచ్చు కదా తాతా?"

ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను. అది నా గడ్డం వదలకుండా, నా పెదాల కేసే చూస్తూ నిలబడింది.